గేజ్ గ్లాసులో నీళ్లు

లీలావతి గారు కళ్ళారా చూడలేదట. వాళ్ళింట్లో గిన్నెలు తోమే సునీత చెప్పిందట. సునీతా చూడలేదు. దాని చెల్లెలు గ్రేటర్ నోయిడాలో ఏదో పార్కులో ఊడుస్తుందట, ఆ పిల్ల చూసిందట. ఆ పిల్ల అక్కకి, అక్క మా పై అంతస్తు లీలావతి గారికి, ఆవిడ కింద ఫ్లాటు కమలకి, కమల కూరగాయల బండి దగ్గర నాకు. ఇన్ని నోళ్ళు మారి నా దగ్గరికి వచ్చేసరికి వార్త ఇలా తయారైంది: మనోహర్ వాళ్ళ నాన్న, ఎనభై ఏళ్ళ ముసలాయన, ముఖమంతా మసి పూసుకుని పిల్లల రైలుకి బొగ్గేస్తున్నాడు. కోడలు పక్కన నిలబడి జనాన్ని కేకలేసి పిలుస్తోంది. కొడుకు జీతం చాలక ఇద్దర్నీ పనిలోకి తోలాడు.

"నిజమేనా వదినా?" అంది కమల, బెండకాయ చివర తుంచి చూస్తూ.

మామయ్యకి అప్పుడు డెబ్బై ఒకటి. కాబట్టి వయసు అబద్ధం. మా ఆయన జీతం సంగతీ అబద్ధమే. మసి, బొగ్గు, నేను పక్కన నిలబడటం, ఈ మూడూ నిజం.

అది 2006 వేసవి. నోయిడాలో రెండు గదుల అద్దె ఇల్లు మాది. మా ఆయన మనోహర్ ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో అసిస్టెంటు. పొద్దున ఎనిమిదికి చార్టర్డ్ బస్సెక్కితే మళ్ళీ సాయంత్రం ఏడున్నరకే దిగేవాడు. మామయ్య పాపయ్య గారు కంటి ఆపరేషను కోసం ఏప్రిల్లో మా దగ్గరికి వచ్చారు. బిట్రగుంట షెడ్డులో క్లీనరుగా చేరి, ఫైర్‌మన్ అయి, డ్రైవరై, ఆవిరింజన్లు మూలపడ్డ రోజుల్లోనే రిటైరైన మనిషి. కట్టు విప్పాక ఓ ఆదివారం మా ఆరేళ్ళ హారికని తీసుకుని అందరం ఛుక్‌ఛుక్ నగరికి వెళ్ళాం. రంగులరాట్నాలూ, నీళ్ళ జారుడు బల్లలూ ఉన్న కొత్త పార్కు అది. మూతపడిన ఏదో చక్కెర మిల్లు నుంచి చిన్న ఆవిరింజను కొనుక్కొచ్చి, ఎర్ర రంగు వేసి, 'రాణీ' అని పేరు పెట్టి, పార్కు చుట్టూ తిప్పుతున్నారు.

రాణీ మలుపు తిరిగి వచ్చింది. మామయ్య చేతిలో ఐస్‌క్రీము కారిపోతోంది, ఆయన చూడటం లేదు.

"కుంటతా ఉండాది" అన్నారు.

"ఏంటి నాన్నా?"

"ఇంజనబ్బా. చక్రం ఒక్క చుట్టుకి నాలుగు దెబ్బలు సమంగా పడాల. ఇది మూడు గట్టిగా కొట్టి ఒకటి మింగేస్తాంది. ఎవురు వీళ్ళకి డ్రైవరు?"

మనోహర్ చెయ్యి పట్టుకుని లాగుతున్నా వినకుండా వెళ్ళి ఆ మాటే మేనేజరుతో చెప్పారు, నెల్లూరు తెలుగులో. ఖన్నా సాబ్ అంతకుముందు హోటళ్ళలో పనిచేసిన మనిషి, నవ్వు ముఖం. ఆయనకి నేను హిందీలో చెప్పాను. అరగంటలో మామయ్య చొక్కా విప్పి ఇంజను కింద దూరారు. సాయంత్రానికి రాణీ నాలుగు దెబ్బలూ కొట్టింది.

పెద్ద పార్కుల్లో ఉన్నట్టు తనూ ఒక టూరు మొదలుపెట్టాలని ఖన్నా సాబ్ అప్పటికే చూస్తున్నాడు. పేరు 'పర్దే కే పీఛే', అంటే తెర వెనక. సెలవుల్లో ప్రతి ఆదివారం, గేట్లు తెరవకముందే, ఓ ఇరవై మందిని షెడ్డులోకి తీసుకెళ్ళి నిప్పు ఎలా వేస్తారో, ఆవిరి ఎలా పుడుతుందో చూపించి, చివర్న ఒక చుట్టు తిప్పి, పిల్లల చేత కూత వేయించడం. అసలైన రైల్వే డ్రైవరు దొరికాడు. ఆయన మాటని హిందీ చెయ్యడానికి నేను దొరికాను. నాకు నీలం రంగు యూనిఫారం చీర ఇచ్చారు. "సీజన్ బాగా నడిస్తే జూలై ఒకటి నుంచి గెస్ట్ డెస్కులో పర్మనెంట్, కిరణ్‌జీ" అన్నాడు ఖన్నా సాబ్.

కావలిలో డిగ్రీ చదివి, తొమ్మిదేళ్ళుగా ఆ రెండు గదుల్లో పప్పు తాలింపు పెడుతున్న దాన్ని. ఆ మాట విన్న రోజు ఇంటికొచ్చి అద్దం ముందు ఆ చీర మూడుసార్లు కట్టి విప్పాను. "జూన్ దాకా చూద్దాం" అన్నాడు మనోహర్. ఆ 'చూద్దాం'లో ఒప్పుకోవడం ఎంతో, లీలావతి గారి భయం ఎంతో నాకు తెలుసు. అయినా ఆదివారాలు హారికకి ఉప్మా చేసి పెట్టడం నేర్చుకున్నాడు. మొదటి వారం ఉండ కట్టింది, రెండో వారం తినేలా వచ్చింది.

షెడ్డులో మామయ్య వేరే మనిషి. ఇంట్లో టీవీ చప్పుడు ఎక్కువైనా నోరు తెరవని ఆయన, అక్కడ గొంతు విప్పేవారు. ఆయన కిందుండే ఆపరేటరు యోగేశ్ త్యాగి, ఆ చుట్టుపక్కల ఊరివాడే, డిప్లొమా చదివాడు. పార్కుకి తీసుకున్న భూమిలో వాళ్ళ పెద్దనాన్న పొలం కూడా ఉంది. తెల్లవారుజామున వచ్చి నిప్పు వెయ్యడం వాడి పని. ఎనిమిదింటికి మేం వచ్చి చూసుకోవడం మా పని.

"ఈ దున్నపోతు బొగ్గు చల్లమంటే కుప్ప పోస్తాండాడు. పొయ్యా ఇది, పెంట దిబ్బా?" అనేవారు మామయ్య.

అతిథులు నా వైపు చూసేవాళ్ళు. "బొగ్గుని పలచగా, సమంగా పరవాలని అంకుల్‌జీ ప్రేమగా నేర్పిస్తున్నారు" అని హిందీలో చెప్పేదాన్ని. అందరూ మురిసిపోయేవాళ్ళు. యోగేశ్ చేతులు జోడించేవాడు. ఆయన కారం నేను చక్కెర చేసి పంచేదాన్ని. "యోగేశ్ మనసు మాత్రం నొప్పించకండి, వాళ్ళ పెద్దనాన్నతో మనకు పనుంటుంది" అని ఖన్నా సాబ్ ముందే చెవిన వేశాడు. అప్పట్లో నాకది తెలివనిపించింది.

అన్నిటికంటే జనం నోరు తెరుచుకుని వినేది గేజ్ గ్లాసు సంగతి. బాయిలరు లోపల నీళ్ళు ఎంత ఉన్నాయో బయటికి కనపడవు. డ్రైవరు కళ్ళ ముందు బొటనవేలంత లావు గాజు గొట్టం ఒకటి నిలువుగా ఉంటుంది. దాని పైనొక కాక్, అంటే తిప్పి మూసే చిన్న కుళాయి, కిందొక కాక్ బాయిలరులోకి తెరుచుకుని ఉంటాయి. లోపల నీళ్ళు ఎంత ఎత్తున ఉంటే గాజులో అంత ఎత్తున నిలుస్తాయి. అన్నిటికంటే అడుగున ఇంకో చిన్న కాక్. మామయ్య ఇంజనెక్కగానే ఎవరితో మాట్లాడకుండా ముందు దాన్ని తిప్పేవారు. గాజులో నీళ్ళన్నీ బుస్సుమని పోయేవి. మళ్ళీ మూసేస్తే, కిందినుంచి ఎగదన్నుకుంటూ వచ్చి తమ ఎత్తున నిలబడేవి.

"గాజుని నమ్మకూడదు, అడిగి చూడాల" అనేవారు. నీళ్ళు తగ్గితే పొయ్యి పైకప్పు రేకు ఎర్రగా కాలుతుందనీ, ఆ రేకులో సీసం బిగించిన ప్లగ్గొకటి ఉంటుందనీ, అది కరిగితే ఆవిరి నిప్పు మీద పడి ఆర్పేస్తుందనీ చెప్పేవారు. ఆ ప్లగ్గు కరిగిన డ్రైవరు షెడ్డులో తలెత్తుకుని తిరగలేడు. "ఇరవై రెండేళ్ళు బండి తోలినా, ఒక్క ప్లగ్గు పోగొట్టలా." ఈ ముక్క మాత్రం నేను ఉన్నదున్నట్టు హిందీ చేసేదాన్ని. దాన్లో తియ్యగా మార్చాల్సిందేమీ లేదు.

జూన్ మొదటి ఆదివారం గాజు గొట్టం పైమూత దగ్గర కారడం మొదలైంది. ఉడుకు నీళ్ళు తుంపరగా చిమ్మి ఒకావిడ దుపట్టా మీద పడ్డాయి. ఖన్నా సాబ్ ముఖం చిట్లించాడు. టూర్ అయిపోయాక మామయ్య యోగేశ్‌ని పిలిచారు.

"ఇదిగో అమ్మాయ్, నేను చెప్పింది చెప్పినట్టు చెప్పు వీడికి. గాజు కారితే కారనియ్యి. బాగయ్యేదాకా బండి ఆపినా సరే. పైకాక్, కిందికాక్ మాత్రం కట్టేయొద్దు. కట్టేస్తే లోపల చుక్క నీళ్ళు లేకపోయినా ఇందులో నీళ్ళు అట్నే నిలబడి ఉంటాయి. కట్టేశాడని తెలిసిందో, చెయ్యి ఇరగ్గొడతా."

యోగేశ్ పొద్దున నాలుగింటి నుంచి పనిలో ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఖన్నా సాబ్ పక్కనే నిలబడి ఫోను చూసుకుంటున్నాడు. జూలై ఒకటి ఇంకా నాలుగు వారాలు.

"యోగేశ్ భయ్యా, వీలు చూసుకుని ఈ గ్లాసు ఒకసారి బాగుచేయిస్తే మంచిదంటున్నారు అంకుల్‌జీ" అన్నాను.

"ఠీక్ హై, దీదీ."

మామయ్య నా వైపు ఒకసారి చూశారు. తర్వాత నూనె గుడ్డ తీసుకుని వేళ్ళ సందులు తుడుచుకున్నారు. ఇంటికొచ్చేదాకా బస్సులో కళ్ళు మూసుకుని కూర్చున్నారు. ఎండ దెబ్బనుకున్నాను.

మూడో ఆదివారానికి మనోహర్ వాళ్ళ అండర్ సెక్రటరీ శేషగిరి గారు కుటుంబంతో వస్తామన్నారు. మనవాళ్ళే, గుంటూరు వైపు. "మా నాన్నగారే డ్రైవరు సార్" అని మా ఆయన ఆఫీసులో నోరు తెరిచి చెప్పుకున్నాడంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. ఆఫీసరుగారి ముందు నాన్న సిటీ బస్సు దిగడం బాగుండదని సుమో మాట్లాడాడు. అందరం కలిసే వెళ్ళాలి. శేషగిరి గారి భార్య అన్నపూర్ణేశ్వరి గారి పూజ అయ్యి, పులిహోర డబ్బాల్లోకి ఎక్కి, మేం పార్కుకి చేరేసరికి తొమ్మిదిన్నర. మామయ్య దారంతా కిటికీలోంచి ఎండని చూస్తూ "లేటు, లేటు" అంటూనే ఉన్నారు.

మిగతా అతిథుల్ని ఖన్నా సాబ్ అప్పటికే షెడ్డులోకి తీసుకొచ్చేశాడు. ఇంజను చుట్టూ జనం. పైన ఆవిరి బుసకొడుతోంది. హారిక సుమో దిగీ దిగగానే పరిగెత్తి ఇంజనెక్కి, పొయ్యి తలుపు పక్కన నిలబడి, "దాదూ, దేఖో!" అని చేతులూపింది. మనమరాలికి ఆయన తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే.

"అబ్బ, ఏం ముద్దుగా ఉందండీ ఇంజను!" అన్నారు అన్నపూర్ణేశ్వరి గారు.

"అందరూ దగ్గరికి రండి, ముందొక ఫోటో" అన్నాడు ఖన్నా సాబ్.

గాజు పొడిగా, శుభ్రంగా ఉంది. పోయిన వారం దాకా కారింది, ఇప్పుడు కారడం లేదు. నీళ్ళు సగానికి నిలబడి ఉన్నాయి. మామయ్య ఎక్కి, అలవాటుగా అడుగు కాక్ తిప్పారు. నీళ్ళు పోయాయి. మూశారు. నీళ్ళు తిరిగి రాలేదు. ఆయన చెయ్యి పైకాక్ మీదకి వెళ్ళింది, తర్వాత కిందికాక్ మీదకి. రెండూ కట్టేసి ఉన్నాయి. తెరిచారు. గాజులో ఆవిరి తప్ప ఏమీ రాలేదు.

"అమ్మాయ్" అన్నారు, కేక కాదు, మామూలు గొంతుతో. "హారికని దించు. అందర్నీ బయటికి నడిపించు. పరిగెత్తనియ్యొద్దు. పొయ్యిలో నిప్పు లాగేస్తాండా."

"ఏమంటున్నారు అంకుల్‌జీ? ఫోటో అయ్యాక చెప్పమనండి" అన్నాడు ఖన్నా సాబ్.

"ఫోటో లేదు. బాయిలర్లో నీళ్ళు లేవు. అందరూ బయటికి నడవండి" అన్నాను హిందీలో. ఆ సీజన్ మొత్తంలో ఎదుటివాళ్ళకి రుచించని ఆయన మాటని చక్కెర కలపకుండా చెప్పింది అప్పుడే.

యోగేశ్ తెల్లబోయి నీళ్ళు పెట్టే పిడి మీదకి చెయ్యి చాచాడు. మామయ్య పార కర్రతో వాడి మణికట్టు మీద ఒక్కటిచ్చారు. "కాలిన రేకు మీద నీళ్ళు పోస్తావా? అందరం ఎగిరిపోతాం నా కొడకా!" ఈ మాటకి హిందీ అవసరం పడలేదు. తెలుగువాళ్ళకి ముందే అర్థమైంది, మిగతావాళ్ళకి ఆ ముఖం చూస్తే అర్థమైంది. హారికని చంకనేసుకుని బయటపడ్డాను. వెనక ఆయన పొడుగాటి ఇనప కమ్మీతో నిప్పు కిందికి లాగుతున్న చప్పుడు, బూడిద, పొగ. ఓ నిప్పురవ్వ ఎగిరొచ్చి అన్నపూర్ణేశ్వరి గారి వెంకటగిరి చీర కొంగుకి కంత చేసింది.

అంతే జరిగింది. ఏదీ పేలలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. కానిదానికి ఎవరూ దణ్ణం పెట్టరు. అరగంట ఎండలో నిలబడి, పొగ పీల్చి, కూత వెయ్యకుండా ఇంటికెళ్ళిన పిల్లల ఏడుపే అందరికీ గుర్తుంది. "మీ నాన్నగారికి కాస్త కంగారెక్కువనుకుంటా మనోహర్" అన్నారు శేషగిరి గారు సుమోలో. మా ఆయన తల కిటికీ వైపు తిప్పుకున్నాడు. పులిహోర డబ్బాలు ఎవరూ తెరవలేదు.

సోమవారం ఖన్నా సాబ్ రమ్మంటే వెళ్ళాను. గాజియాబాద్ నుంచి వచ్చిన బాయిలరు మెకానిక్కు పొయ్యిలోంచి పాక్కుంటూ బయటికొచ్చి చేతులు దులుపుకుంటున్నాడు. ప్లగ్గులో సీసం కరగలేదు గానీ మెత్తబడి చెమట పట్టిందన్నాడు. ఇంకో పది నిమిషాలు ఆగుంటే ఏమయ్యేదో తను చెప్పలేనన్నాడు. ఆ మాట విన్నది మేం ముగ్గురం, నేనూ ఖన్నా సాబూ యోగేశూ.

ఖన్నా సాబ్ గదిలోకి తీసుకెళ్ళి టీ తెప్పించాడు. యజమానులు జరిగిందంతా కాగితం మీద అడుగుతున్నారట. "మీరు అన్నీ దగ్గరుండి చూశారు, చదువుకున్నారు, మీరే రాయండి. పెద్దాయన, ఈ మధ్యే కంటి ఆపరేషను, గాజులో నీళ్ళు కనపడక కంగారుపడ్డారు. అంతే కదా జరిగింది? ఆయన ఎలాగూ ఊరెళ్ళిపోయే మనిషి. జూలై ఒకటి నుంచి మీ కుర్చీ మీకు సిద్ధంగా ఉంటుంది."

తెల్ల కాగితాలు నాలుగిచ్చాడు. బయటికొస్తే యోగేశ్ గోడ పక్కన నిలబడి ఉన్నాడు. మణికట్టుకి గుడ్డ కట్టుకున్నాడు.

"దీదీ, గెస్టుల మీద నీళ్ళు పడకూడదన్నారు సాబ్. అందుకే కట్టాను. కట్టకూడదని నాకెవరూ చెప్పలేదు. అంకుల్‌జీ ప్రతిదీ చెప్తారు కదా, ఇదెందుకు చెప్పలేదు?"

బస్సుకి టైమైందన్నాను. నిజంగానే అయింది.

ఇంటిదాకా గంటంబావు ప్రయాణం. చెప్పి ఉంటే మాత్రం వాడు వినేవాడా, ఖన్నా మాట కాదని మన మాట వినేవాడా, అని సూరజ్‌పూర్ స్టాపు దాకా అనుకున్నాను. వినేవాడేమో అని ఆ తర్వాత అనుకున్నాను. దిగేసరికి ఒకటి మాత్రం తేల్చుకున్నాను. మామయ్య కళ్ళ మీదకి తప్పు నెట్టి నేను ఆ కుర్చీలో కూర్చోను.

ఆ సాయంత్రమే రాశాను, ఇంగ్లీషులో, రెండు పేజీలు. మనోహర్ ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండానే తీసుకుని చదివాడు. మొదటి పేజీ మధ్యలో, "ఇలా రాస్తే నీ ఉద్యోగం..." అన్నాడు. రెండో పేజీ అయ్యేసరికి మంచం మీద కూలబడి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"పది నిమిషాలేనా?"

"మెకానిక్కు చెప్పాడండీ."

"నేను ఆయన్ని కారులో ఒక్క మాట కూడా అడగలేదు కిరణ్" అన్నాడు. కాగితాలు నా చేతికిచ్చి, "పంపించెయ్. ఉద్యోగం పోతే పోయింది. నాన్నకి చదివి వినిపించు ముందు" అన్నాడు.

మామయ్య బాల్కనీలో పీట మీద కూర్చుని మజ్జిగ తాగుతున్నారు. హారిక ఆయన వీపుకి ఆనుకుని బొమ్మకి రంగులేస్తోంది. నేను ఒక్కో వాక్యం తెలుగు చేస్తూ చదివాను. ఎవరూ చెప్పకపోయినా ఆ రోజు డ్రైవరు అడుగు కాక్ తిప్పి చూడటం, నిప్పు లాగెయ్యడం, ఇరవై మంది బతికి బయటపడటం. ఆయన కళ్ళు బాగున్నాయని డాక్టరు చీటీ జత చేస్తున్నాను. రెండు వారాల ముందే డ్రైవరు హెచ్చరించినా ఆపరేటరు యోగేశ్ త్యాగి కాక్‌లు కట్టేశాడు. చదవడం అయ్యాక మెచ్చుకుంటారని ఆగాను. దాచుకోవడమెందుకు, దానికోసమే ఆగాను.

ఆయన గ్లాసు కింద పెట్టారు.

"హెచ్చరించినా అన్నావే, ఆ ముక్క మళ్ళీ ఒకసారి చదువు."

చదివాను. ఈసారి నా గొంతు నాకే చిన్నగా వినపడింది.

"అన్నీ నిజాలే కదా నాన్నా, ఉద్యోగం కూడా వదులుకుని రాసింది" అన్నాడు మనోహర్ గుమ్మంలోంచి. "ఇంకేం కావాలి?"

మామయ్య కొడుకు వైపు చూడలేదు. నా వైపే చూశారు, ఆ రోజు షెడ్డులో చూసినట్టే.

"నేను చెప్పింది నీకమ్మాయ్. ఆ పిల్లోడికి ఎవురు చెప్పినారు?"